ఉత్తరాల కట్ట విప్పుదాం: ఈ-మెయిల్ డైజెస్ట్ చదివే పద్ధతులు

ఒకప్పుడు హాస్టల్ విద్యార్థికి సమాచారం రెండు దారుల్లో వచ్చేది. ఒకటి పోస్టుమ్యాన్ తెచ్చే కార్డు, రెండోది వార్డెన్ గారి గది పక్కనున్న నోటీసు బోర్డు. నేడు ఆ రెండింటి పనిలో పెద్ద భాగం ఈ-మెయిల్ చేస్తున్నది. ప్రవేశ పరీక్ష హాల్ టికెట్టు, ఉపకార వేతనం దరఖాస్తులో లోపం, ఇంటర్వ్యూ పిలుపు, సర్టిఫికెట్ల పరిశీలన తేదీ వంటివన్నీ ఇన్‌బాక్సుకే వస్తున్నాయి. ఇవిగాక పూర్వ విద్యార్థుల గుంపులు, పరిశోధక విద్యార్థుల గుంపులు, సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవారి గుంపులు రోజూ పదుల కొద్దీ ఉత్తరాలు పంపుతుంటాయి.

మనలో చాలామంది ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్లం మనమే. "మెయిల్ చూశావా? ఆఖరు తేదీ దాటిపోతుంది" అని గుర్తు చేసే పెద్దలు ఇంట్లో ఉండరు. అందుచేత వచ్చిన ఉత్తరాన్ని సరిగా చదివే పద్ధతిని మనమే నేర్చుకొని, మన వెనుక వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేర్పవలసి ఉంది. ముఖ్యంగా 'డైజెస్ట్' అనే ఉత్తరాల కట్టను చూసి చాలామంది తికమకపడి, తెరవకుండానే వదిలేస్తున్నారు. ఆ కట్టను విప్పే తీరును ఈ వ్యాసంలో వివరిస్తాము.

డైజెస్ట్ అంటే ఏమిటి?

ఒక గుంపులో రోజుకు ఇరవై ఉత్తరాలు నడుస్తున్నాయనుకుందాం. సభ్యుడికి అవి ఇరవై విడి ఉత్తరాలుగా రావచ్చు. లేదా అన్నింటినీ ఒకే దారంతో కట్టినట్లు ఒకే ఉత్తరంగా రోజుకొకసారి రావచ్చు. ఈ రెండో పద్ధతినే డైజెస్ట్ అంటారు. పైన విషయసూచిక, దాని కింద వరుసగా ఉత్తరాలు ఉంటాయి.

ఇది కొత్త ఆలోచన కాదు. రే టామ్లిన్‌సన్ 1971లో ఆర్పానెట్ మీద రెండు కంప్యూటర్ల మధ్య తొలి నెట్‌వర్క్ ఈ-మెయిల్ పంపారు. చిరునామాలో 'ఎట్' గుర్తును పెట్టింది కూడా ఆయనే. గుంపు చర్చలు పెరిగేకొద్దీ ఉత్తరాల వరద మొదలైంది. దాన్ని అదుపు చేయడానికే కట్టలు కట్టే అలవాటు పుట్టింది. ఆ కట్ట ఎలా ఉండాలో చెప్పే నియమపత్రం 'ఆర్.ఎఫ్.సి. 1153' 1990 ఏప్రిల్‌లో వెలువడింది. ఉత్తరంలోనే బొమ్మలు, ఫైళ్లు, ఇతర ఉత్తరాలు ఇమిడ్చే 'మైమ్' పద్ధతి 1992లో వచ్చింది. నేటికీ మనకు వచ్చే డైజెస్టులు ఎక్కువగా ఈ రెండు బాటల్లో ఏదో ఒకదానిలో నడుస్తుంటాయి.

కట్టల్లో రెండు రకాలు

మొదటిది సాదా కట్ట. ఉత్తరాలన్నింటినీ ఒకే పొడవైన కాగితం మీద ఒకదాని కింద ఒకటి అతికించినట్లుంటుంది. 1990 నాటి నియమం ప్రకారం విషయసూచిక తరువాత 70 అడ్డగీతలు, ఉత్తరానికీ ఉత్తరానికీ మధ్య 30 అడ్డగీతలు ఉంటాయి. ఏ ప్రోగ్రాంలోనైనా, ఎంత పాత ఫోన్‌లోనైనా దీన్ని చదవవచ్చు. అయితే దీనికొక లోపముంది. చాలా గుంపులను నడిపే 'మెయిల్‌మ్యాన్' అనే సాఫ్ట్‌వేర్ సాదా కట్టలో అటాచ్‌మెంట్లను తీసివేసి, ఆ చోట ఒక లింకు పెడుతుంది. సీనియర్ పంపిన నోటిఫికేషన్ పీడీఎఫ్ కనిపించడం లేదని ఊరుకోకుండా, ఆ ఉత్తరం చివర లింకు ఉందేమో చూడాలి.

రెండోది మైమ్ కట్ట. ఇందులో ప్రతి ఉత్తరం తన కవరులో తాను ఉంటుంది. పంపినవారి పేరు, తేదీ, సబ్జెక్టు, అటాచ్‌మెంటు చెదరకుండా వస్తాయి. ఆ కవర్లన్నీ ఒక పెద్ద కవరులో పెట్టినట్లన్నమాట. మెయిల్ ప్రోగ్రాంకు దీన్ని విప్పడం తెలిస్తే ఇది చాలా సౌకర్యం. తెలియకపోతే తెర ఖాళీగా కనబడి, కింద పేరులేని అటాచ్‌మెంట్లు పది, ఇరవై వేలాడుతుంటాయి.

కాబట్టి "డైజెస్ట్ బాగాలేదు" అనుకునే ముందు, మనం వాడే ప్రోగ్రాంకు తగిన కట్టను ఎంచుకున్నామా అని చూడాలి. మెయిల్‌మ్యాన్ గుంపుల్లో సభ్యుని సెట్టింగుల పేజీలో సాదా, మైమ్ అని రెండు ఎంపికలు ఉంటాయి. ఆ పేజీకి దారి చూపే లింకు సాధారణంగా గుంపు ఉత్తరం అడుగునే ఉంటుంది. మెయిల్‌మ్యాన్ రెండో తరంలో, ప్రత్యేకంగా మార్చకపోతే, కట్ట రోజుకొకసారి వస్తుంది. ఉత్తరాల పరిమాణం 30 కిలోబైట్లు దాటితే ఆ రోజు ముగియకముందే మరొక కట్ట వస్తుంది. ఒకే రోజు మూడు కట్టలు ఎందుకొచ్చాయని ఆశ్చర్యపోనక్కరలేదు.

2000ల కాలంలో తెలుగువారి గుంపులు అనేకం యాహూ గ్రూప్స్‌లో నడిచాయి. ఆ సేవ 2020 డిసెంబరు 15న మూతపడింది. గూగుల్ గ్రూప్స్ నేటికీ నడుస్తున్నది. అందులో సభ్యునికి నాలుగు దారులున్నాయి: ప్రతి ఉత్తరం విడిగా రావడం, 25 వరకు పూర్తి ఉత్తరాలు ఒకే కట్టగా రావడం, రోజుకొకసారి సంక్షిప్త జాబితా మాత్రమే రావడం, అసలు ఏదీ రాకుండా గుంపు పేజీలోకే వెళ్లి చదువుకోవడం.

ఏ ప్రోగ్రాంలో ఎలా చదవాలి?

జీమెయిల్: మనలో ఎక్కువమంది వాడేది ఇదే. దీనికి సాదా కట్ట మంచిది. అయితే మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఉత్తరం సుమారు 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ దాన్ని మధ్యలో కత్తిరించి, అడుగున 'వ్యూ ఎంటైర్ మెసేజ్' అని చిన్న లింకు చూపుతుంది. ఆ లింకు నొక్కకపోతే కట్ట చివరి ఉత్తరాలు మనకు కనబడవు. ఆఖరు తేదీ గల ప్రకటన సరిగ్గా అక్కడే ఉండవచ్చు. రెండు, పాత ఉత్తరంలో ఉన్న భాగమే మళ్లీ వస్తే జీమెయిల్ దాన్ని మూడు చుక్కల వెనుక దాచిపెడుతుంది. కట్ట మరీ పొట్టిగా కనిపిస్తే ఆ చుక్కలను నొక్కి చూడాలి. మూడు, మైమ్ కట్ట వస్తే ఉత్తరాలు అటాచ్‌మెంట్లుగా కనబడవచ్చు. వాటిని ఒక్కొక్కటిగా తెరవాలి.

సాదా కట్టలో కావలసిన ఉత్తరానికి నేరుగా దూకే చిట్కా ఒకటుంది. మెయిల్‌మ్యాన్ కట్టలో పైన 'టుడేస్ టాపిక్స్' అని విషయసూచిక ఉంటుంది. అందులో మనకు కావలసినది 6వ అంశమనుకుందాం. కంప్యూటర్‌లో కంట్రోల్, ఎఫ్ మీటలు కలిపి నొక్కి 'మెసేజ్: 6' అని ఇంగ్లీషులో టైపు చేస్తే ఆ ఉత్తరం మొదటికే చేరతాము. ఇరవై ఉత్తరాలు వేలితో తోసుకుంటూ పోయే అవసరం ఉండదు.

సెల్‌ఫోన్: ఫోన్‌లో చిన్న తెర కాబట్టి ముందుగా విషయసూచిక మాత్రమే చదవాలి. అందులో పనికివచ్చేది ఉంటే ఉత్తరానికి నక్షత్రం గుర్తు పెట్టి, సాయంత్రం ల్యాబ్‌లోనో లైబ్రరీలోనో కంప్యూటర్ మీద తీరికగా చదవాలి. మెస్ క్యూలో నిలబడి సగం చదివి మూసేస్తే అది 'చదివిన ఉత్తరం' లెక్కలోకి పోయి మళ్లీ కంటపడదు. అలాంటప్పుడు 'మార్క్ యాజ్ అన్‌రీడ్' నొక్కితే ఉత్తరం మళ్లీ బొద్దు అక్షరాల్లో కనబడుతుంది.

థండర్‌బర్డ్: ఇది ఉచిత ప్రోగ్రాం. మొదటి పూర్తి వెర్షన్ 2004 డిసెంబరులో వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లకు 2024 అక్టోబరులో విడుదలైంది. కంప్యూటర్‌లో మైమ్ కట్ట చదవడానికి మేము ముందుగా సూచించేది దీన్నే. 'వ్యూ' మెనూలో 'డిస్‌ప్లే అటాచ్‌మెంట్స్ ఇన్‌లైన్' ఎంచుకుంటే కట్టలోని ఉత్తరాలన్నీ పేరు, తేదీలతో సహా ఒకదాని కింద ఒకటి పరుచుకుంటాయి. కింది అటాచ్‌మెంట్ల వరుసలో ఏదైనా ఒక ఉత్తరం మీద రెండుసార్లు నొక్కితే అది వేరే కిటికీలో విడి ఉత్తరంలాగే తెరుచుకుంటుంది. అక్కడి నుండి జవాబు రాస్తే ఆ ఒక్క ఉత్తరానికే జవాబు అవుతుంది.

ఇక్కడొక హెచ్చరిక. నలుగురు వాడే కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ వంటి ప్రోగ్రాంలో మన ఖాతా పెట్టకూడదు. మన ఉత్తరాలు ఆ యంత్రంలోనే నిల్వ ఉండిపోతాయి. 'పాప్' పద్ధతిలో పెడితే ఉత్తరాలు సర్వర్ నుండి తొలగి ఆ యంత్రంలో మాత్రమే మిగిలే ప్రమాదం కూడా ఉంది. సొంత కంప్యూటర్‌లోనైనా 'ఐమ్యాప్' పద్ధతి మేలు. అందులో ఉత్తరాలు సర్వర్‌లోనే ఉండి, ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకేలా కనబడతాయి. ల్యాబ్‌లో చదువుకునేవారు బ్రౌజర్‌లోనే చదివి, లేచేముందు తప్పనిసరిగా సైన్ అవుట్ చేయాలి.

ఔట్‌లుక్: ఉద్యోగాల్లో చేరిన మన పూర్వ విద్యార్థులు ఆఫీసుల్లో ఎక్కువగా వాడేది ఇది. ఇందులో మైమ్ కట్ట సాధారణంగా అటాచ్‌మెంట్ల వరుసగా కనబడుతుంది. ఒక్కొక్కటి తెరవడం విసుగు పుట్టిస్తుంది. వీరు సాదా కట్టకు మారడం మంచిది.

లినక్స్ వాడేవారికి: కంప్యూటర్ కోర్సుల విద్యార్థులు 'ఫార్‌మెయిల్' అనే చిన్న ప్రోగ్రాంతో కట్టను విడి ఉత్తరాలుగా చీల్చవచ్చు. ఈమాక్స్‌లోని 'న్యూస్' ప్రోగ్రాం కట్టను ఒక చిన్న గుంపులాగ తెరిచి, ఉత్తరాల జాబితా చూపుతుంది. కట్టను విప్పడమనే ఆలోచన ఎంత పాతదో ఈ సాధనాలే చెబుతాయి.

తెలుగు అక్షరాలు ఎందుకు చెదురుతాయి?

మన భాషలో రాసుకునే గుంపుల్లో ఈ ఇబ్బంది తరచుగా ఎదురవుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు ప్రత్యేక స్థానం ఉంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతే, తెలుగు సంకేతం ఒక్కొక్కదానికి మూడు బైట్లు కావాలి. 'తెలుగు' అనే మాటనే తీసుకుందాం. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు సంకేతాలు. అంటే 18 బైట్లు. ఈ-మెయిల్‌లో ప్రయాణించడానికి దీన్ని 'బేస్-64' పద్ధతిలోకి మారిస్తే 24 అక్షరాలవుతుంది. 'కోటెడ్ ప్రింటబుల్' పద్ధతిలోకి మారిస్తే 54 అవుతుంది. అందువల్ల తెలుగు గుంపు కట్ట ఇంగ్లీషు గుంపు కట్టకంటే త్వరగా బరువెక్కుతుంది.

అక్షరాలు చెదిరినప్పుడు రోగ లక్షణాన్ని బట్టి వైద్యం చేయాలి. లక్షణాలు ముఖ్యంగా మూడు.

1. ఖాళీ డబ్బాలు కనబడితే ఉత్తరం బాగానే ఉంది, మన యంత్రంలో తెలుగు ఫాంటు లేదు. ఫాంటు వేసుకుంటే సరిపోతుంది.

2. నెత్తిన చిన్న గీత గల ఇంగ్లీషు 'ఎ', దాని పక్కన డిగ్రీ సున్నా, ప్లస్-మైనస్ గుర్తు పదేపదే కనబడితే, యూటీఎఫ్-8లో ఉన్న తెలుగును ప్రోగ్రాం పాశ్చాత్య లిపిగా పొరబడి చదువుతున్నదని అర్థం. అసలు ఉత్తరం భద్రంగానే ఉంది. థండర్‌బర్డ్‌లో 'వ్యూ' మెనూలోని 'రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్' ప్రయత్నించాలి.

3. వరుసగా ప్రశ్నార్థకాలే కనబడితే కట్ట కట్టేచోటే అక్షరాలు పోయాయన్నమాట. మన వైపు ఎంత ప్రయత్నించినా తిరిగి రావు. గుంపు పేజీలో అసలు ఉత్తరం చూడాలి, లేదా మైమ్ కట్టకు మారాలి. గుంపు నిర్వాహకులకు చెప్పి భాషా సెట్టింగును యూటీఎఫ్-8కు మార్పించడం శాశ్వత మందు.

జవాబు రాసేటప్పుడు జాగ్రత్త

చదవడంలో పొరపాటు జరిగితే ఒక తేదీ తప్పుతుంది. జవాబులో పొరపాటు జరిగితే మన వివరాలు పదిమందిలో పడతాయి. కాబట్టి ఈ భాగాన్ని మిత్రులందరూ శ్రద్ధగా చదవాలని మనవి.

కట్టను తెరిచి 'రిప్లై' నొక్కితే ఆ జవాబు చాలా గుంపుల్లో ఉత్తరం రాసిన వ్యక్తికి కాక గుంపు మొత్తానికి వెళుతుంది. ఎందుకంటే కట్టను పంపింది వ్యక్తి కాదు, గుంపు. ఒక సీనియర్ "సహాయం కావలసినవారు తమ కుల, ఆదాయ ధ్రువపత్రాలు పంపండి" అని రాస్తారు. కట్ట నుండే జవాబిస్తూ విద్యార్థి తన పత్రాలు, ఆధార్ కాపీ, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ జత చేస్తే అవి వందలమందికి చేరతాయి. ఒకసారి వెళ్లిన ఉత్తరాన్ని అందరి ఇన్‌బాక్సుల నుండి వెనక్కి తీసుకోవడం మన చేతిలో ఉండదు. కుటుంబ ఆదాయం ఎంతో, ఖాతా నంబరు ఏమిటో అపరిచితుల చేతిలో పెట్టినట్లవుతుంది. అందువల్ల ఇటువంటి జవాబులకు కొత్త ఉత్తరం తెరిచి, ఆ సీనియర్ చిరునామాను చేత్తో టైపు చేసి పంపాలి. 'సెండ్' నొక్కేముందు 'టు' గడిని మరొకసారి చదవాలి.

గుంపుకే జవాబు రాస్తున్నప్పుడు రెండు మర్యాదలు పాటించాలి. సబ్జెక్టు గడిలో కట్ట సంఖ్య ఉంటుంది. దాన్ని తీసి, మనం జవాబిస్తున్న అసలు విషయం పేరు రాయాలి. అలాగే కట్ట మొత్తాన్ని కింద మోయకుండా, మనకు సంబంధించిన రెండు మూడు వాక్యాలు ఉంచి మిగతాది తుడిచేయాలి. లేకపోతే ఇరవై ఉత్తరాలు మరునాటి కట్టలో మళ్లీ ఇమిడి, కట్ట రెట్టింపు అవుతుంది.

ఇందులో సాంకేతిక కారణం కూడా ఉంది. ప్రతి ఉత్తరానికి 'మెసేజ్ ఐడీ' అని ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. జవాబు ఉత్తరం లోపల "ఇది ఫలానా ఐడీ గల ఉత్తరానికి జవాబు" అని రాసి ఉంటుంది. దాన్ని బట్టే ప్రోగ్రాంలు ప్రశ్నను, జవాబులను ఒకే దారంలో గుచ్చుతాయి. కట్టకు నేరుగా జవాబిస్తే కట్ట ఐడీ చేరుతుంది, అసలు ప్రశ్నతో దారం తెగిపోతుంది. మైమ్ కట్టలో విడి ఉత్తరాన్ని తెరిచి జవాబిస్తే దారం తెగదు.

మోసాల విషయంలోనూ మెలకువ అవసరం. కట్ట గుంపు పేరుతో వస్తుంది కాబట్టి లోపలి ప్రతి ఉత్తరాన్నీ గుంపే ధ్రువీకరించిందని భావించరాదు. "ఉద్యోగం ఖాయం, ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు పంపండి" అనే ఉత్తరం కనిపిస్తే, కట్ట లోపల ఆ ఉత్తరం పైన 'ఫ్రమ్' అన్నచోట ఏ చిరునామా ఉందో చూడాలి. ఆ సంస్థ సొంత వెబ్‌సైటులో ప్రకటన ఉందో లేదో సరిచూడాలి. సీనియర్లను అడగడానికి మొహమాటపడకూడదు.

ఎవరికి కట్ట, ఎవరికి విడి ఉత్తరం?

డైజెస్ట్ అన్నింటికీ పనికిరాదు. మేము పాటించే సూత్రం ఇది: తేదీ ఉన్నది విడిగా, చర్చ ఉన్నది కట్టగా.

ఉద్యోగ ప్రకటనలు, ఉపకార వేతనాలు, ఇంటర్వ్యూ సమాచారం వచ్చే గుంపులను కట్టలో పెట్టరాదు. మధ్యాహ్నం వచ్చిన "రేపు ఉదయం పది గంటలకు హాజరు కావాలి" అనే కబురు మరునాటి కట్టలో మనల్ని చేరేసరికి పది దాటిపోవచ్చు. సాహిత్య చర్చలు, సాఫ్ట్‌వేర్ సందేహాలు, పూర్వ విద్యార్థుల ముచ్చట్లు మాత్రం కట్టగా తెప్పించుకొని రోజుకొక అరగంట కేటాయించి చదువుకోవచ్చు. పరీక్షల నెలలో కట్టకు మారి, ముగిశాక విడి ఉత్తరాలకు తిరిగి రావచ్చు. అలా మారినప్పుడు మెయిల్‌మ్యాన్‌లో ఆఖరి కట్ట ఒకటి రావచ్చు, కంగారుపడనక్కరలేదు.

కట్టలకు వేరే అర కేటాయించడం కూడా మంచి అలవాటు. జీమెయిల్‌లో గుంపు ఉత్తరం తెరిచి, మూడు చుక్కల మెనూలో 'ఫిల్టర్ మెసేజెస్ లైక్ దీజ్' నొక్కి, 'స్కిప్ ది ఇన్‌బాక్స్' ఎంచుకొని, ఆ గుంపుకొక లేబుల్ పెట్టాలి. 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్' అన్నచోట టిక్కు పెడితే కట్ట స్పామ్‌లో పడదు. థండర్‌బర్డ్‌లో 'మెసేజ్ ఫిల్టర్స్', ఔట్‌లుక్‌లో 'రూల్స్' ఇదే పని చేస్తాయి. అప్పుడు ఇన్‌బాక్సులో తేదీ గల ఉత్తరాలు మాత్రమే మిగులుతాయి, వాటిని దాటవేయడం కష్టమవుతుంది. అయితే అరలో పెట్టి మరచిపోతే చదవనట్లే. రోజులో ఒక సమయం నిర్ణయించుకోవాలి. రాత్రి స్టడీ అవర్‌కు ముందు పది నిమిషాలు చాలు.

ముగింపు

మిత్రులారా! ఇంటర్నెట్ అందరికీ ఒకేలా అందుతుందని అంటారు గాని, వచ్చిన సమాచారాన్ని విప్పి వాడుకునే నేర్పు మాత్రం అందరికీ ఒకేలా అందదు. చదువుకున్న కుటుంబాల పిల్లలకు అది భోజనాల వేళ మాటల్లోనే అబ్బుతుంది. మనకు ఆ పని చేయవలసింది మన హాస్టలే. ప్రతి గదిలోనూ ఈ సంగతులు తెలిసిన ఒక్కరు ఉంటే చాలు. ఈ ఏడాది కొత్తగా చేరిన తమ్ముడి పక్కన కూర్చుని అతని ఖాతాలో ఒక ఫిల్టర్ పెట్టండి. ఒక చెల్లెలికి కట్ట నుండి నేరుగా పత్రాలు పంపవద్దని చెప్పండి. పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు కూడా ఒక విన్నపం. మీరు గుంపులో ప్రకటన పంపేటప్పుడు సబ్జెక్టు గడిలోనే ఆఖరు తేదీ రాయండి. కట్ట పైనున్న విషయసూచికలో ఆ తేదీ కనబడుతుంది. మొత్తం కట్ట విప్పే తీరిక లేని విద్యార్థి కూడా ఆ ఒక్క వరుస చదివి దరఖాస్తు పెట్టుకోగలుగుతాడు.